కుడిచేతి సంకటి ముద్ద

శ్రీరస్తు. అక్షరములకు ఆధారమైన తల్లికి ప్రణమిల్లి, జరిగినంత మాత్రమే వ్రాస్తున్నాను.

విశ్వావసు నామ సంవత్సర మార్గశిర బహుళ తదియ నాటి ఉదయం నా కుడిచేతి నుండి కాఫీ గ్లాసు జారింది. వంగి తీయబోతే చేయి నా మాట వినలేదు. పక్షవాతమన్నారు. నెల్లూరు ఆసుపత్రిలో పది దినాలుండి, వెంకటాచలం దగ్గరి మా ఊరికి తిరిగి వచ్చేసరికి మాట తేటపడింది, కాలు కొంత కుదుటపడింది. చేయి మాత్రం ఒడిలో పెట్టిన చోటనే ఉండేది.

తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. వ్రాతకు ఎడమచేతిని అలవాటు చేసుకోవచ్చు. అన్నం చెంచాతో తినవచ్చు. నా చింత వేరు. ఫాల్గుణ శుద్ధ దశమి మా తండ్రిగారి ఆబ్దికం. పెద్దకొడుకుగా ఏనాడూ తప్పించలేదు. తండ్రికి, తాతకు, ముత్తాతకు మూడు పిండాలు చేసి దర్భలపై ఉంచాలి; బొటనవ్రేలి ప్రక్కగా నువ్వుల నీళ్ళు వదలాలి. రెండూ కుడిచేతి పనులే.

"నేను లేనా అన్నా? నువ్వు పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు తమ్ముడు. ఆ మాటలో తప్పు లేదు; శాస్త్రమూ కాదనదు. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు. రెండు నెలల పైచిలుకు వ్యవధి ఉంది.

నెల్లూరు నుండి స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చి వ్యాయామం చేయించేది. ఆదివారం చర్చికి వెళ్తుంది గనుక రాదు. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంది. వారం నొక్కి, వ్రేళ్ళు కదలక, విసుగుతో బంతిని ప్రక్కన పెట్టాను.

"మరేం చెయ్యాలనుంది సార్ ఈ చేత్తో?" అని అడిగింది. చెప్పాను.

"అయితే అదే చేద్దాం. దినామూ అన్నం పిసికి ఉండ చెయ్యండి."

నా భార్య వంటింట్లోనుండి వచ్చింది. "ఏందమ్మా నువ్వనేది? మనిషి బతికి ఇంటికొచ్చినాడు. దినామూ నట్టింట్లో పిండాలు చేయిస్తావా?"

ఆ అమ్మాయి నాలుక కరచుకుంది. "తెలీక అన్నానమ్మా. కోప్పడబాకండి."

నా భార్య వంటింటి వైపు తిరిగి, "రాగిసంకటి కెలుకుతా. ఆ ముద్ద చేస్తే ఎవురూ కాదనరు. చేసినోళ్ళే తినాల, పారేస్తే ఊరుకోను" అని షరతు పెట్టింది.

నాటి నుండి మధ్యాహ్న భోజనం సంకటే. ఎడమచేతితో కుడిచేతిని మూసి నొక్కేవాణ్ణి. సంకటి వ్రేళ్ళసందుల నుండి జారిపోయేది. అరచేతికి వేడి తెలియడం ముందు వచ్చింది, వ్రేళ్ళ కదలిక తరువాత. పుష్యమాసం ముగిసేసరికి ఒక ముద్ద నిలిచింది.

"ఏందండీ ఇది, ఎలక కొరికిన వంకాయ మాదిరి?" అంది నా భార్య.

"పోయిన వారం వంకాయ గూడా కాదు గదమ్మా!" అని ఆ అమ్మాయి నా పక్షం వహించింది.

మాఘంలో జ్వరంతో వారం పడుకున్నాను. చేయి మళ్ళీ బిగిసింది. తమ్ముడు పురోహితుని వద్దకు వెళ్ళి, ఈ యేడు తానే కూర్చుంటానని చెప్పి వచ్చాడు. నేను కోపగించుకోలేదు, లేచిన దినమే సంకటి అడిగాను. దీనిని ధైర్యమనను. మరునాడు కూడా భోజనానికి కూర్చోవలసి ఉండడమే నన్ను నడిపింది.

దశమి నాటికి ముద్ద మళ్ళీ నిలవడంతో, పీట మీద నేనే కూర్చున్నాను. తమ్ముడు స్నానం చేసి ప్రక్కన సిద్ధంగా ఉన్నాడు. మొదటి పిండం నిలిచింది. రెండవదీ నిలిచింది. మూడవది దర్భలను చేరకముందే విరిగింది. పురోహితుడు మంత్రం ఆపాడు. తమ్ముడు చేయి చాపలేదు. "కానియ్యి అన్నా" అన్నాడు. మళ్ళీ కలిపి పెట్టాను. నీళ్ళు వదలడం మాత్రం నా వల్ల కాలేదు. తమ్ముడు నా చేతి క్రింద తన చేయి ఉంచి వంచాడు.

చైత్ర శుద్ధ విదియ నుండి వ్యాయామానికి వారానికి రెండు మార్లు నేనే ఆటోలో నెల్లూరు వెళ్తున్నాను. చొక్కా గుండీలు ఇంకా పెట్టుకోలేను.