డబ్బాలో భోజనాల బంతి

మా ఆయన పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీస్తాడు. నేను ఇంట్లో కూర్చుని ఆల్బమ్‌లు తయారుచేస్తాను, వీడియోలు ఎడిట్ చేస్తాను. ప్రత్తిపాడులో మెయిన్ రోడ్డు మీద ముందు గది స్టూడియో, వెనక మూడు గదులు ఇల్లు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మేం తీయని పెళ్ళి తక్కువ. ఊరందరి పెళ్ళిళ్ళూ మా ఇంట్లో ఉన్నాయి, నా పెళ్ళి తప్ప.

ఎకసెక్కానికి అనడం లేదు. మా పెళ్ళి వీడియో తీసింది మా ఆయన స్నేహితుడు. "నా కానుక ఇదేరా" అని, కెమెరాలో ఉన్నదంతా ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి మా ఆయన చేతిలో పెట్టాడు. ఎడిటింగ్ మేమే చేసుకోవాలి. "వారంలో చేసేద్దాంలే" అన్నాడు మా ఆయన. ఫొటోగ్రాఫర్ల వారం ఎలాంటిదో పెళ్ళయిన ఆడపిల్లల్ని అడగండి, చెబుతారు. పదిహేనేళ్ళు గడిచిపోయాయి. ఆ డిస్కు ఎక్కడ పెట్టాడో కూడా మర్చిపోయాడు మహానుభావుడు. అడిగితే, "ఇంట్లోనే ఉందే, ఇల్లు దాటి ఎక్కడికి పోతుంది?" అనేవాడు.

ఆ వీడియో నాకు కావాల్సింది నా పట్టుచీర చూసుకుని మురిసిపోవడానికి కాదు, మా నాన్న కోసం. నాన్నకు ఈ సంబంధం ఇష్టం లేదు. "లైట్లు మోసుకుంటూ తిరిగేవాడికి పిల్లనిస్తానా?" అని వీధి వీధంతా వినేట్టు అరిచాడు. "దాని పెళ్ళిలో పచ్చి మంచినీళ్ళు ముట్టను" అని కూడా అన్నాడు. పెళ్ళిరోజు చర్చికి వచ్చాడు, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు, పాస్టరుగారు ఆశీర్వాదం పలకగానే బయటికెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాకు కనిపించలేదు. నేను స్టేజీ మీద లైట్ల వేడికి ఉడికిపోతూ వచ్చినవాళ్ళందరికీ పళ్ళికిలిస్తూ నిలబడ్డాను. ఆకలికి కళ్ళు తిరిగే వేళకు ఎవరో ప్లేటులో అన్నం, కోడికాలు పెట్టి తెచ్చిచ్చారు. ఆ ప్లేటు పంపింది తానేనని మా ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. సాయంత్రం అమ్మ వచ్చి, "మీ నాన్న తినలేదే. ఇంటికెళ్ళి కాసిని మజ్జిగ తాగి పడుకున్నాడు" అని కళ్ళొత్తుకుంది.

తర్వాత్తర్వాత నాన్న మెత్తబడ్డాడు. మా ఇంటికి వచ్చాడు, తిన్నాడు, అల్లుడి చేత పాస్‌పోర్ట్ ఫొటోలు కూడా తీయించుకున్నాడు. నేను మాత్రం ఊరుకునే రకం కాదు. ఆయనకు వడ్డించినప్పుడల్లా, "నా పెళ్ళి భోజనం తప్ప అన్నీ తింటావు కదా నాన్నా" అని దెప్పేదాన్ని. ఆయన కంచంలోంచి తలెత్తకుండా "కూర బాగుంది" అనేవాడు. రెండేళ్ళ కిందట పోయాడు. కన్నకూతురి పెళ్ళిలో ముద్ద ముట్టలేదన్న బాధ నాకు మాత్రం పోలేదు.

ఇక డబ్బా సంగతి. మా హార్డ్ డిస్కులన్నీ బీరువా మీద బిస్కెట్ డబ్బాల్లో, పాత బనీను గుడ్డల్లో చుట్టి ఉండేవి. ఈమధ్య ఒక డిస్కు టిక్కుటిక్కుమని మొదలుపెట్టింది. అందులో ఉన్నది మంగళగిరి వాళ్ళ పెళ్ళి. ఆ పెళ్ళికూతురి తల్లి నోరు ఎలాంటిదో తెలిసినదాన్ని కాబట్టి వెంటనే ఆ డిస్కు పీకి మా ఆయన ముందు పెట్టాను. "ఏమండీ, అన్నీ ఒకచోట పెట్టుకునే ఏర్పాటు చేయకపోతే నేను ఇక ఎడిటింగ్ ముట్టను" అన్నాను. సరేనని గుంటూరు వెళ్ళి నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బా ఒకటి, దాంట్లో పెట్టే కొత్త డిస్కులు రెండు తెచ్చాడు. ఇంట్లో ఉన్న రౌటరుకు ఆ డబ్బాను వైరుతో తగిలిస్తే కంప్యూటరు, ఫోన్లు, టీవీ అన్నీ అందులోంచే తీసుకుని చూపిస్తాయి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు కాబట్టి మా వాళ్ళ పెళ్ళిళ్ళు లేవు, చేతిలో తీరిక ఉంది.

అట్టపెట్టె విప్పుతుంటే మా అత్తయ్య వచ్చి నిలబడింది. "ఏందే అది, రైస్ కుక్కరా?"

"కాదత్తయ్యా, పెళ్ళిళ్ళ బీరువా."

"బీరువా అంటున్నావు, తాళంచెవి ఏదీ?" అంది.

దాన్ని చల్లటి చోట పెట్టాలని ఎక్కడో విని వచ్చాడు మా ఆయన. మా ఇంట్లో చల్లగా ఉండేది వెనక గది ఒక్కటే. ఆ గదిలో అత్తయ్య ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. "మిరపకాయలు ఉంటే ఏమవుతుంది, అవేమన్నా డేటా తింటాయా?" అంటూ ముందు గదిలోని రౌటరు దగ్గర్నుంచి అక్కడిదాకా వైరు లాగాడు. స్విచ్ వేశాడు. డబ్బా ఒక కూత కూసింది, నీలం లైటు వెలిగింది, వెనక ఉన్న చిన్న ఫ్యాను గిర్రున తిరిగింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ఫ్యాను గదిలో ఉన్న మిరపధూళినంతా లోపలికి పీల్చి, వెనకనుంచి సరిగ్గా మా మొహాల మీదికి ఊదింది. ముందు ఆయన తుమ్మాడు, తర్వాత నేను, ఆ తర్వాత ఇంక వరసా వావీ లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మిరపకాయల మధ్యే బతికిన అత్తయ్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. "ఇన్నేళ్ళనుంచి ఇవే మిరపకాయలు, ఎప్పుడన్నా తుమ్మామట్రా? నీ డబ్బా తగలెయ్య!" అని వాకిట్లో నిలబడి కేకలేసింది.

డబ్బాను తుడిచి, ఊది, బతిమాలి, చివరికి స్టూడియోలోనే రౌటరు పక్కన పెట్టాం. మొదట అక్కడ పెట్టి ఉంటే సరిపోయేది కదా అని నేను అనలేదు. చూపులతోనే అన్నాను.

కంప్యూటరు ముందు నేను కూర్చున్నాను. పాస్‌వర్డ్ ఏం పెట్టాలి అంటే, "మన పెళ్ళి తేదీ పెట్టు, మర్చిపోం" అన్నాడు.

"అయితే చెప్పండి, ఏ తేదీ?"

ఆయన ఫ్యాను వంక చూశాడు. గోడ వంక చూశాడు. "ఇలాంటివి బయటికి చెప్పకూడదే, భద్రత" అన్నాడు. నేను వేరే ఏదో పెట్టుకున్నాను.

తర్వాత ఆ డబ్బా రెండు డిస్కుల్లోనూ ఒకటే దాచమంటావా అని అడిగింది. దాచమన్నాను. ఒకటి పాడైనా రెండోదాంట్లో అంతా పదిలంగా ఉంటుంది. కానీ స్థలం మాత్రం ఒక డిస్కంతే చూపించింది. మా ఆయన లబోదిబోమన్నాడు. "రెండు పెడితే ఒకటే చూపిస్తుందేంటే? గుంటూరులో మనల్ని ముంచేశాడు!"

"ముంచలేదండీ. మీరు పెళ్ళికి రెండు కెమెరాలు తీసుకెళ్తారు కదా, పెళ్ళి మాత్రం ఒకటే కదా."

కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

అసలు తంటా అప్పుడు మొదలైంది. పాత డిస్కులన్నీ కలిపితే ఈ డబ్బాలో పట్టవు. అన్నీ ఎక్కించాక ఆ పాతవాటిని తుడిచేసి కొత్త పెళ్ళిళ్ళకు వాడుకోవాలని మా ఆలోచన. కాబట్టి ఏదో ఒకటి వదిలేయాలి. ఏది వదలాలో నాకు తెలుసు. భోజనాల బంతి.

మా వైపు పెళ్ళి వీడియో అంటే సగం భోజనాలే. లైటు వేసుకుని బంతి వెంట నడుచుకుంటూ పోతాడు కెమెరా మనిషి. సరిగ్గా ముద్ద నోట్లోకి వెళ్ళే సమయానికే ఆ లైటు మొహం మీద పడుతుంది. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటారు. మగవాళ్ళు నమలడం ఆపేసి ఏదో కోర్టులో నిలబడ్డట్టు గంభీరంగా చూస్తారు. ఆ ముక్కల మీద పాటొకటి వేసి అతికించడమే నా పని. బుగ్గలో ముద్ద పెట్టుకున్న మొహాలు కొన్ని వేలు చూసి ఉంటాను. ఈ జన్మకు చాలు.

"బంతి భోజనాలు ఎక్కించడం లేదు. చర్చి, స్టేజీ, ఊరేగింపు, అంతే" అని తేల్చేశాను.

"అట్టా అనకే. స్టేజీ ఎక్కనివాళ్ళు కూడా భోజనానికి కూర్చుంటారు" అన్నాడు మా ఆయన.

"కూర్చోనివ్వండి, హాయిగా తిననివ్వండి. నా డబ్బాలోకి మాత్రం వద్దు."

ఒక్కో డిస్కూ తగిలించడం, భోజనాలు వదిలేసి మిగతాది ఎక్కించడం. మధ్యలో కరెంటు పోవడం, ఇన్వర్టరు ఆగిపోకూడదని దేవుణ్ణి తలుచుకోవడం. అలా బిస్కెట్ డబ్బాల అడుగుకు వచ్చేసరికి, చేతిరుమాల్లో చుట్టిన డిస్కు ఒకటి తగిలింది. దాని మీద పేరు లేదు. తగిలించి చూస్తే మొదటి బొమ్మలో ఒక సన్నటి పిల్ల, తెల్ల పట్టుచీర, తల మీద తెల్లటి వల ముసుగు. నేనే.

"చెప్పానా, ఇంట్లోనే ఉందని!" అని గంతేశాడు మా ఆయన, పదిహేనేళ్ళు తానే కాపలా కాసినట్టు.

చర్చిలో తీసింది పెట్టుకుని చూశాను. నాన్న ఉన్నాడు. తెల్ల పంచె, ముడుచుకున్న మొహం. నా చెయ్యి మా ఆయన చేతిలో పెట్టి పక్కకు తిరిగిపోయాడు. స్టేజీ మీద తీసింది మొత్తం చూశాను. నాన్న లేడు. నాకు తెలిసిందే, అయినా మళ్ళీ ఏడుపొచ్చింది. చర్చి, స్టేజీ ఎక్కించేసి డిస్కు పీకేయబోయాను.

"ఏవే, నన్ను చూపించవే" అంది వెనక నిలబడ్డ అత్తయ్య. "స్టేజీ మీదికి నన్నెవరు పిలిచారు? నా కనకాంబరం రంగు పట్టుచీరంతా భోజనాల్లోనే ఉంది."

అత్తయ్యతో పోట్లాడే ఓపిక లేక ఆ భోజనాలు కూడా ఎక్కించాను. డబ్బాలోంచి నేరుగా హాల్లో టీవీకి పెట్టాను. అదే మా డబ్బా వేసిన మొదటి బొమ్మ. బంతులు ఒకటి తర్వాత ఒకటి నడుస్తున్నాయి. అత్తయ్య తన చీర కోసం కళ్ళు చిట్లించి చూస్తోంది. చివరికి అందరూ లేచిపోయాక, కెమెరా చర్చి వెనక పొయ్యిల దగ్గరికి వెళ్ళింది. అక్కడ చాప మీద వంటవాళ్ళు, వ్యాన్ల డ్రైవర్లు తింటున్నారు. వాళ్ళ మధ్య గోడ వైపు తిరిగి కూర్చున్న ఒక తెల్ల పంచె మీద లైటు పడింది.

నాన్న ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. బుగ్గలో ముద్ద. కూరన్నం చెయ్యి లైటుకు అడ్డం పెట్టి, "ఏయ్, తియ్యవయ్యా లైటు! మనిషిని అన్నం తిననివ్వవా?" అన్నాడు.

వడ్డించేవాడు బకెట్ పట్టుకుని వంగాడు. "ఇంకాస్త వెయ్యమంటారా?"

"ఆఁ, వెయ్యి. ముక్కలు చూసి వెయ్యి" అన్నాడు మా నాన్న, పచ్చి మంచినీళ్ళు ముట్టనన్న మనిషి.

నేను పగలబడి నవ్వాను. దొంగ నాన్న! ఇంటికెళ్ళి మజ్జిగ తాగి పడుకున్నాడట. మెడదాకా తిన్నవాడికి మజ్జిగ కాక ఇంకేం దిగుతుంది? నవ్వుతూనే ఉన్నాను, ఆయన వడ్డించేవాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మా పిల్ల తిన్నదా?"

"ఇంకా లేదండి, స్టేజీ మీదే ఉంది."

"అదేందయ్యా, అది ఆకలికి ఓర్చుకోలేదు. ముందు దానికి పట్టుకెళ్ళు. కోడికాలు పెట్టు, దానికిష్టం. నేను పంపానని మాత్రం చెప్పబాక."

కెమెరా పక్కకు తిరిగిపోయింది. నా నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకే తెలియలేదు. కొంగు సరిపోలేదు నాకు.

కాసేపటికి తేరుకుని మా ఆయన వైపు తిరిగాను. "ఏమండీ, ఆ రోజు ప్లేటు పంపింది ఎవరన్నారు?"

ఆయన టీవీ వెనక వైరు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వంగాడు. చాలాసేపు చూశాడు. "నేను కూడా పంపమనే చెప్పానే. ఎవరిదో ఒకరిది అంది ఉంటుంది" అన్నాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ వీడియో ఆ వారంలోనే ఎడిట్ చేసి ఉంటే, అందరి బంతికి వేసినట్టే దీనికీ ఒక పాట వేసేవాళ్ళం. నాన్న గొంతు ఆ పాట కింద పోయేది. ఈ మాట పొరపాటున పైకి అన్నాను. మా ఆయన వెంటనే వైరు వదిలేసి లేచాడు. "అందుకే కదే నేను చేయంది!"

వదిలేసిన భోజనాల బంతులన్నీ మర్నాటినుంచి మళ్ళీ మొదటినుంచి ఎక్కించడం మొదలుపెట్టాను. చోటు చాలకపోతే ఇంకా పెద్ద డిస్కులు తెస్తానన్నాడు మా ఆయన. వారంలో తెస్తాడట.

ఆ సాయంత్రం మాత్రం అత్తయ్య, "మళ్ళీ వెయ్యవే, నా చీర సరిగ్గా చూళ్ళేదు" అంది. మళ్ళీ వేశాను. చాప, పొయ్యిలు, లైటు. ముక్కలు చూసి వెయ్యమన్నాడు. ఆ తర్వాత వడ్డించేవాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మా పిల్ల తిన్నదా?"

"తిన్నాను నాన్నా," అన్నాను టీవీతో. "కోడికాలు కూడా."