రెండో బద్ద

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మేడ్చల్‌లో నాది వడ్రంగం. తలుపులు, కిటికీలు చేస్తాను. శామీర్‌పేటలో విలువిద్య నేర్పే మైదానం ఒకటి ఉండేది. అక్కడివాళ్లు అడిగితే విల్లులు కూడా చేసిచ్చేవాణ్ణి. చేతినిండా పని, నోటినిండా గొప్పలు. అప్పుడు అలా ఉండేవాణ్ణి.

సుజాత అక్కడే నేర్చుకునేది. వాళ్ల నాయిన చెరువులో చేపలు పడతాడు. జిల్లా జట్టు ఎంపికకు సొంత విల్లు కావాలని వచ్చింది. ఆలస్యమైనా పర్వాలేదు, మంచిగా చెయ్యమంది. అందరి ముందు శుక్రవారానికే ఇస్తానని కోతలు కోసింది నేనే.

విల్లుకు పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. ఒక్కోదాని లోపల పల్చటి కర్ర బద్ద ఉంటుంది. రెండూ ఒకే పలకలోంచి పక్కపక్కనే కోయాలి, లేకపోతే ఒకటి ఎక్కువ వంగి ఇంకొకటి తక్కువ వంగుతుంది. ఎండిన టేకు పలక తీసుకున్నాను. మొదటి బద్ద బ్రహ్మాండంగా వచ్చింది. రెండోదాంట్లో కర్ర నార తిన్నగా సాగకుండా, జానెడు పోయాక అంచుకు మళ్లింది. వంచితే అక్కడే చీలుతుంది. దాన్ని పారేస్తే జత పోతుంది, కొత్త పలకతో మళ్లీ మొదలుపెట్టాలి, శుక్రవారం మాట తప్పుతుంది. పైన నల్ల ఫైబర్ షీటు అంటించేశాను. ఎవడికి కనబడుతుందిలే అనుకున్నాను. తెలియక చేశానా? లేదు. తెలిసే చేశాను.

ఎంపికకు రెండు రోజుల ముందు అది ఆమె చేతిలో విరిగింది. ముక్కలు పట్టుకుని వచ్చింది. చూడగానే తెలిసింది, చీలిక సరిగ్గా ఆ అంచు దగ్గరే మొదలైంది.

బాణం పెట్టకుండా తాడు లాగి వదిలితే ఎంత మంచి విల్లైనా విరుగుతుంది. మైదానంలో ఆ సంగతి అందరికీ తెలుసు. నేను దాన్నే పట్టుకున్నాను.

“బాణం లేకుండ తాడు ఇడిసినవా?”

“లేదన్నా. నేనెందుకు ఇడుస్త?”

“మరి గిట్లెట్ల ఇరుగుతది? యాదికి దెచ్చుకో.”

తాడు లాగే వేళ్లు చూసుకుంది. “ఏమో అన్నా. చెయ్యి జారిందేమో. పరేషాన్ల ఉన్న గదా.”

“గదే అయ్యుంటది,” అన్నాను.

మైదానంలో అందరికీ తన తప్పేనని తనే చెప్పుకుంది. ఎంపికకు పోలేదు. మళ్లీ విల్లు పట్టలేదు. చిన్నపిల్ల, ఇంకేదో నేర్చుకుంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేని బతుకు.

మొన్న నాగారంలో ఒక పెళ్లిలో కనబడింది. ఆరేళ్ల కూతురికి నన్ను చూపించి, “గీ మామనే నాకు విల్లు జేసిచ్చిండు. మస్తు మంచి విల్లు. నేనే ఖరాబ్ జేసిన,” అంది నవ్వుతూ. నన్ను తిట్టుకుని ఉంటే భరించేవాణ్ణేమో. ఇన్నేళ్లూ మెచ్చుకుంటోంది.

ఆదివారం శామీర్‌పేటలో వాళ్లింటికి పోతున్నాను. ఇక వాయిదా లేదు. క్షమించమని అడగను, అడిగితే ఆ పని కూడా ఆమె నెత్తిన పెట్టినట్టే. తిడితే పడతాను. ఆమెకు నేర్పినాయనకు కూడా చెబుతాను. ఏమనాలో పొద్దుటి నుంచి పైకే అనుకుంటున్నాను. ఇప్పుడు మాట తడబడకుండా వస్తోంది, గుండె కొంచెం తేలికపడింది.

“సుజాతా, నీ చెయ్యి జారలే. కట్టె మంచిది గాదు. నాకు ముందే ఎరుక.”