మెలాహత్ వదిన సెలవులు

మా వదిన మెలాహత్ ముప్పై ఒక్క వేసవులు పడవలో వంట చేసింది. పడవ మా అన్నయ్య నూరెత్తిన్‌ది, రెండు తెరచాపల కొయ్య గులెత్. సెలవులకొచ్చిన కుటుంబాలను బోజ్‌బురున్ రేవులో ఎక్కించుకుని అన్నయ్య పైన చుక్కాని పట్టేవాడు. వదిన కింద ఇరుకు వంటగదిలో చెమటలు కక్కేది. వెనకవైపు పెద్ద బల్ల దగ్గర అతిథులతో కలిసి అన్నయ్య తినేవాడు. కెప్టెన్ కదా మరి! అందరిదీ అయ్యాక వదిన కిందే తినేది. మా తీరమంతా ఇదే పద్ధతి. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, అబద్ధమెందుకు?

పడవ అమ్మేసిన మరుసటేడు, వాళ్లమ్మాయి బెర్రిన్ ఇజ్మీర్ నుంచి మొగుడితో, ఇద్దరు పిల్లలతో వచ్చి మా అందరికీ వారం రోజులకు ఓ గులెత్ మాట్లాడింది.

"అమ్మా, ఈసారి నువ్వు వంటగది మెట్లు దిగితే నామీదొట్టే" అంది.

"సరేలేవే, దిగనులే" అంది వదిన. నాకు నవ్వొచ్చింది.

ఆ పడవ కెప్టెన్ హమ్ది ఒకప్పుడు అన్నయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. వంటమనిషి తులాయ్ అని ఇరవై రెండేళ్ల పిల్ల. ఎక్కడో కొండల్లోంచి వచ్చింది. సముద్రం మీద ఆమెకిదే మొదటి వేసవి.

మొదటి మధ్యాహ్నం తులాయ్ వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి సముద్రపు ఆకుకూర పెట్టింది. ఆ ఆకు ఉప్పునేలలో మొలుస్తుంది, కాబట్టి ఉడికించే నీళ్లలో ఉప్పు వేయకూడదు. మా దగ్గర పసిపిల్లనడిగినా చెబుతుంది. కొండపిల్లకేం తెలుసు, గుప్పెడు వేసింది. ఓయబ్బో, సముద్రం సగం తాగినట్టే ఉంది!

వండినవాళ్లతో "నీ చేతులు చల్లగుండ" అనకుండా మేం బల్ల దగ్గర్నుంచి లేవం. కూర ఎలా ఉన్నా సరే, ఆ మాట అని తీరాలి. వదిన అనలేదు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, గిన్నె ఎత్తుకుని చకచకా కిందికి దిగిపోయింది. పెద్దావిడ అనలేదని మేమెవరమూ అనలేదు. ఆ సాయంత్రం వంటంతా వదినదే. హమ్ది లొట్టలేసుకుంటూ తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే హమ్ది తులాయ్‌తో అన్న మాట పడవంతా వినబడింది. "రేపు దాత్చా రేవులో దిగిపో. నీకీ పని రాదు."

ఉల్లిపాయలు తరుగుతున్న ఆ పిల్ల ఏడుస్తూనే తరిగింది. వదిన ముఖం పాలిపోయింది.

"నేనేం చేశానే?" అని నన్నడిగింది.

"ఏం చేయలేదు వదినా. ఆ ఒక్క మాట అనకుండా గిన్నె ఎత్తుకుపోయావు, అంతే." నా నోరు ఊరుకోదుగా!

వదిన తిన్నగా హమ్ది దగ్గరికి వెళ్లింది. "ఆ పిల్లని ఉండనీ. నేను తొందరపడ్డాను."

"వదినమ్మా, నువ్వే తినలేక లేచిపోయిన వంట నేనింకెవరికి పెట్టను?" అన్నాడు.

మధ్యాహ్నానికి పడవ బెంజిక్ ఖాతంలో లంగరేసింది. తులాయ్ బియ్యం కూరిన గుమ్మడి పూలు తెచ్చి బల్ల మీద పెట్టింది. వదిన ఒకటి తిని తలెత్తింది.

"నీ చేతులు చల్లగుండ, తల్లీ. ఓ పళ్లెం తెచ్చుకుని ఇక్కడ కూర్చో."

తులాయ్ బెదిరిపోయి హమ్ది వైపు చూసింది.

"వదినమ్మా, పనివాళ్లు ఈ బల్ల దగ్గర..." అని నసిగాడు హమ్ది.

"నేనూ పనిదాన్నేగా. నన్నెందుకు కూర్చోబెట్టావు మరి?"

వదిన వాణ్ని వదిలేసి అన్నయ్య వైపు తిరిగింది.

"నేనూ కొండల్లోంచి వచ్చినదాన్నే. నా మొదటి వేసవిలో ఇదే ఆకు, ఇదే ఉప్పు. అతిథులు నవ్వుతూ నీళ్లలో పారబోశారు. వాళ్లతో పాటు నువ్వూ నవ్వావు. అంతా నాకు వినబడింది."

అన్నయ్య చేతిలో చెంచా ఆగిపోయింది. "నువ్వు కింద ఉన్నావని, వినబడదని..."

"కింద కాక ఇంకెక్కడుంటాను? ముప్పై ఒక్క వేసవులు అక్కడేగా! రా మెలాహత్ అని ఒక్కసారి పిలిచుంటే వచ్చేదాన్ని."

అన్నేళ్లలో నేనూ అన్నయ్య పడవలో ఆ పైబల్ల దగ్గర ఎన్నిసార్లు తిన్నానో!

"హమ్దీ, దీన్ని దింపేస్తే నన్నూ దానితోనే దింపెయ్" అంది వదిన.

"అంత మాటెందుకు వదినమ్మా? ఉండనీ" అన్నాడు హమ్ది తల దించుకుని.

అయినా తులాయ్ మెట్ల దగ్గరే బిగుసుకుపోయి నిలబడింది. అప్పుడు అన్నయ్య లేచాడు. మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, కింద గిన్నెలన్నీ చప్పుడయ్యేలా వెతికి, ఓ పళ్లెం తెచ్చాడు. దాన్ని తాను కూర్చున్న చోట పెట్టాడు.

"ఇక్కడ కూర్చో అమ్మాయ్" అని, తను వెళ్లి వదిన పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.



"పిలవాల్సింది" అన్నాడు, చాలా చిన్నగా.

"అవును, పిలవాల్సింది" అంది వదిన. కళ్లు తుడుచుకోకుండానే ఓ గుమ్మడి పువ్వు తీసి ఆయన పళ్లెంలో వేసింది.