పొట్ట నాది, ప్రశ్నలు ఆయనవి

సింగపూర్‌లో, హౌగాంగ్‌లోని మా స్నేహితురాలి ఫ్లాట్‌లో సీమంతం. ఏడో నెల కడుపుతో ఆమె కుర్చీలో కూర్చుంటే, గాజులు తొడుగుతున్న పెద్దావిడ నా నడుము వంక ఓసారి చూసి, పక్కనే ఇంకో కుర్చీ వేయించింది.

"నువ్వూ కూర్చో అమ్మా. ఇద్దరికీ కలిపి హారతి ఇచ్చేస్తాను. నీకెన్నో నెల?"

"పదకొండో ఏడు ఆంటీ," అన్నాను. మా చిన్నమ్మాయి వయసది.

గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బుకిట్ పంజాంగ్‌లో ఇల్లు చేరేసరికి మాత్రం ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీద కాదు, అద్దం మీద. రెండు సిజేరియన్ల తర్వాత పొట్ట చర్మం మడతపడి వేలాడుతూ ఉండిపోయింది. నడిచాను, రాత్రిళ్ళు అన్నం మానేశాను, కింది ఫ్లాట్‌వాళ్ళు తిట్టుకునేలా గెంతాను. ముఖం పీక్కుపోయింది గానీ పొట్ట చెక్కుచెదరలేదు.

ఆ మడత తీసేసే ఆపరేషన్ చేయించుకోనా అని మావారిని అడిగితే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "బాగానే ఉన్నావు కదా" అన్నారు. కొత్త చీర కట్టినా అదే మాట, జుట్టు కత్తిరించుకున్నా అదే మాట. నాకు చిర్రెత్తుకొచ్చి ఒక్కదాన్నే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ చైనీస్, ఇంచుమించు నా ఈడుది. పొట్ట కండరాలు విడిపోయాయనీ, ఎంత గెంతినా ఈ చర్మం పోదనీ చెప్పింది. నా తప్పేం లేదని తేలినందుకు ఆవిడను వాటేసుకోవాలనిపించింది. తర్వాత రెండోవైపు కూడా చెప్పింది. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ ఉంటుంది, ఆరు వారాలు బరువులెత్తకూడదు, ఇక పిల్లలు వద్దనుకుంటేనే రావాలి. అంతా విని, మనవాళ్ళందరూ అడిగేదే నేనూ అడిగాను. "మీ సొంత చెల్లెలైతే ఏం చేయమంటారు?"

ఆవిడ నవ్వింది. "చూసేవాళ్ళెవరూ లేకపోయినా నీకిది కావాలా అని అడుగుతాను."

డాక్టర్ చెప్పినవన్నీ మావారి చెవిన వేసి, వారం రోజులు ఆలోచించాను. ఈ ఉక్కలో మడత కింద ఒరుసుకుపోయి మంటపుట్టడం ఎవరూ చూసేది కాదు. బోర్లా పడుకుని పుస్తకం చదవాలన్న నా కోరికా ఎవరికీ తెలిసింది కాదు. కావాలి అనుకున్నాను. పెళ్ళయ్యాక నా కోసం ఇంత తేలిగ్గా ఏదీ తేల్చుకున్న గుర్తులేదు. ఆ సంతోషంలో గిన్నెలు తోముతూ పాడాను కూడా. పెద్దమ్మాయి తలుపులోంచి తొంగిచూసి "యువర్ టమ్మీ వాట్, యూ డిసైడ్ లా" అని, పొట్ట నీదే కాబట్టి నువ్వే తేల్చుకోమని ఇక్కడి ఇంగ్లీషులో తీర్పిచ్చి వెళ్ళిపోయింది.

రెండోసారి మావారిని తోడు రమ్మన్నాను. డాక్టర్ మాట పూర్తికాకముందే ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. మత్తు ఎంతసేపు ఉంటుంది? రక్తం ఎంత పోతుంది? కాళ్ళలో గడ్డకడితే ఏం చేస్తారు? ఆవిడ ఒక్కొక్కదానికీ ఓపిగ్గా, దాచకుండా జవాబు చెప్పింది. చివరికి ఆయన గొంతు తగ్గించి అడిగారు. "నేను బయట ఎక్కడ నిలబడాలి?"

రెండో కాన్పులో నాకు చాలా రక్తం పోయింది. నేను మత్తులో ఉన్నాను, నాకేం తెలియదు. ఆయన ఆపరేషన్ గది తలుపు బయట నాలుగు గంటలు నిలబడ్డారు. నాకు అది అయిపోయిన సంగతి. ఆయనకు కాలేదని ఇన్నేళ్ళకు తెలిసింది. ఆపరేషన్ అనగానే "బాగానే ఉన్నావు కదా" అన్నది పట్టించుకోక కాదు, భయపడి. నా కళ్ళు నిండిపోయాయి.

కాగితం లాక్కుని చూశాను. ఆఖరి వరుసలో ప్రశ్న లేదు. "ఆరు వారాలు వంట నేనే" అని రాసి ఉంది.

"ఆరు వారాలూ ఉప్మాయేనండీ?" అన్నాను.

"పప్పు నేర్చుకున్నాను. నువ్వు ఇంట్లో లేనప్పుడు మూడుసార్లు చేశాను."

"ఎప్పటినుంచి?"

"నువ్వు మొదటిసారి ఇక్కడికొచ్చావు చూడు, ఆ రోజు నుంచి."

తెలుగు రాని డాక్టర్ మా ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూసి, ఏం నిర్ణయించుకున్నారని అడిగింది. నేను ఏడుస్తూ నవ్వుతూ ఆ కాగితం మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను. తేదీ రాయమని ఆయనే చెప్పారు.