నారింజరంగు అంచు

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటినుంచీ ఆర్డర్ల గుమాస్తా కుడిచేత్తో మౌసు పట్టుకుని, ఆ మణికట్టును ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు. మీట నొక్కగానే వేడి పెనం తగిలినట్టు వేలు వెనక్కి లాక్కుని, తెరను వదిలేసి పక్కవాళ్ల మొహాలు చూస్తాడు. ఎవరూ కేక వేయకపోతే సరిగ్గా నొక్కినట్టే. నేర్చుకోలేనివాళ్లు గేటు దగ్గర కాపలాకి పోవాలని మేనేజరు ముందే చెప్పేశాడు మరి. నేర్పడానికొచ్చిన అమ్మాయి ఆయన అవస్థ చూడలేక, నారింజరంగు అంచున్న తెర ఒకటి తెరిచిపెట్టింది. "ఇది ప్రాక్టీసుకి బాబాయ్. ఇందులో ఏం నొక్కినా కొంపలు మునగవు," అంది. ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వారం తిరిగేసరికి రెండో చెయ్యి అక్కర్లేకపోయింది. పని మధ్యలో కూనిరాగం కూడా మొదలైంది. ఆ ఊపులోనే అసలు ఆర్డర్లన్నీ తనే ఎక్కించాడు.

నాలుగు రోజులకు ఫోన్ల మీద ఫోన్లు. ఒక్కరికీ సరుకు చేరలేదు; గోడౌన్‌కి ఒక్క ఆర్డరూ అందలేదు. మేనేజరు, ఆ అమ్మాయి పరుగున వచ్చి ఆయన వెనక నిలబడ్డారు. తెర చుట్టూ నారింజరంగు అంచు. "అన్నీ ప్రాక్టీసు దాంట్లో ఎక్కించారా మహానుభావా!" అని మేనేజరు నెత్తి పట్టుకున్నాడు.

"అందులో అయితే చెయ్యి వణకదండీ," అన్నాడు గుమాస్తా మెల్లగా.

అమ్మాయి ఆర్డర్లన్నీ తిప్పి చూసింది. "ఒక్క తప్పు లేదు సార్," అంది ఏడవలేక నవ్వుతూ. గుమాస్తా మొహం వెలిగింది. అంతలో ఆమె అసలు తెర తెరిచి, "ఇవే ఇందులో ఎక్కించండి బాబాయ్, సార్ చూస్తారు," అంది. ఆయన ఎడమచెయ్యి తనంతట తానే వెళ్లి కుడి మణికట్టును పట్టుకుంది.