తిరిగిచ్చిన బయానా

తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగిచ్చేశాక మనిషి మీద ఇంకా ఏం మిగిలి ఉంటుంది? దర్జీ మాస్టారు గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

వయసొచ్చిన నాటినుంచీ ఆయనది ఒకటే పద్ధతి. గుడ్డతోపాటు కొంత బయానా పుచ్చుకునేవారు. కుట్టడం కుదరదనిపిస్తే గుడ్డా, బయానా రెండూ చేతిలో పెట్టి, "ఏమనుకోకండి" అనేవారు. అక్కడితో సరి. కత్తెర పడనంతవరకూ గుడ్డ తెచ్చినవాళ్ళదే.

మోకాళ్ళు పట్టేసి భార్య మెట్లెక్కలేకపోతుంటే, మేడమీది ఇల్లు అమ్మి కింద ఎక్కడైనా చిన్న వాటా కొనుక్కుందామనుకున్నారు. ఒకటి చూసి బయానా కూడా ఇచ్చారు. కొనేవాడు దొరికాడు. తాళాలు, గొళ్ళాలు అమ్మే దుకాణదారు. బయానా ఇచ్చి, కాగితాల మీద సంతకం అడిగాడు.

"చదివావా బావా?" అన్నాడు బావమరిది.

"చదవడానికేముందిరా, బయానా రసీదేగా! కోటు కుట్టించుకునేవాళ్ళు ఇంతకంటే పొడుగు రసీదు అడుగుతారు."

నెల తిరక్కుండానే, వీళ్ళు కొనబోయిన వాటా యజమాని మనసు మార్చుకున్నాడు. నోటిమాట మీద పుచ్చుకున్న బయానా తెచ్చిచ్చి, "ఏమనుకోకండి మాస్టారూ" అన్నాడు. మాస్టారు ఏమీ అనుకోలేదు. వెళ్ళడానికి చోటు లేకపోయాక అమ్మడమెందుకని, అంత తేలిగ్గానూ తాను పుచ్చుకున్న బయానా కవరు పట్టుకుని దుకాణానికి వెళ్ళారు.

దుకాణదారు కవరు ముట్టుకోలేదు.

"ఇదేమన్నా చొక్కా గుడ్డా మాస్టారూ, వెనక్కి తీసుకుపోవడానికి? మీరు సంతకం పెట్టింది అమ్మకం ఒప్పందం మీద. నేను వద్దంటే నా బయానా పోతుంది. మీరు వద్దన్నారనుకోండి, కోర్టుకెళ్ళి మరీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటా."

ప్లీడరు కాగితం చదివి కళ్ళద్దాలు తీశాడు.

"సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"అయితే అమ్మాల్సిందే. పోట్లాడచ్చనుకోండి. నా ఫీజుకి మళ్ళీ ఆ ఇల్లే అమ్మాలి."

ఇంటికొచ్చాక అంతా విని, భార్య ఒక్కటే అడిగింది.

"మరి కత్తెర ఎప్పుడు పడిందండీ?"

"సంతకం పెట్టినప్పుడేనట."

రిజిస్ట్రేషన్ అయిపోయింది. చేతికొచ్చిన డబ్బుకి కింద వాటా ఒక్కటీ దొరకలేదు. దొరికిన అద్దె గది ఇంకో అంతస్తు పైన.

తాళాలు అప్పగించే రోజు బావమరిది అక్కను చెయ్యి పట్టుకుని ముందే మెట్లు దించాడు. దుకాణదారు ఖాళీ గదిలో కలయతిరుగుతూ, "కర్టెన్లు మీరే కుట్టాలి మాస్టారూ. బయానా ఇమ్మంటారా?" అని నవ్వాడు.

మాస్టారు అలవాటుగా మెడలోని టేపు తీసి కిటికీకి ఆనించారు. కింద, కుట్టుమిషను కాళ్ళు నేలమీద చేసిన గుంటలు ఇంకా తడితడిగా ఉన్నాయి. ఆ పొద్దున్నే భార్య గది కడిగింది.

దుకాణదారు వంటింటి కుళాయి తిప్పి చూసి వచ్చేసరికి టేపు కిటికీ చువ్వకి వేలాడుతోంది. తాళాలు గట్టు మీదున్నాయి.

"కొలతెంత మాస్టారూ?"

అడుగుల చప్పుడు అప్పటికే కింది మెట్టు దాటింది.