అడ్డగీత

చెవి మీద పెన్సిల్ లేకుండా ఆమె నాకు గుర్తురాదు. సూర్యాపేట హాస్టల్లో నా పక్క మంచం ఆమెది. నీట్ కొత్త సిలబస్ కాగితం మా గదిలో ఆమె ఒక్కదాని దగ్గరే ఉండేది. దాన్ని చూస్తూ నా కెమిస్ట్రీ పుస్తకంలో పాఠాలకు అడ్డగీతలు కొట్టేది. "గిది తీసేసిన్రు, సదవకే" అనేది. పి-బ్లాక్‌కూ కొట్టింది. నమ్మి వదిలేశాను. పరీక్షలో ఆ పాఠం నుంచి ప్రశ్నలు వరసగా వచ్చాయి.

మర్నాడు గది ఖాళీ చేస్తుంటే, "కాగితం సరిగ సూడలేదే, నేను గూడ సదవలే" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నా చున్నీతోనే ఆమె కళ్లు తుడిచాను.

హడావిడిలో మా పుస్తకాలు తారుమారయ్యాయి. మిర్యాలగూడ బస్సులో తెరిచి చూస్తే అది ఆమె పుస్తకం. పి-బ్లాక్‌కు అడ్డగీత లేదు. పేజీల నిండా ఆమె పెన్సిల్ రాతలే.

నా చున్నీ ఇంకా తడిగానే ఉంది.